గ్లైడ్ ధ్వనికి జాజ్‌మాస్టర్ ఉండాల్సిందేనా? ఉన్న స్ట్రాట్, పెడళ్ళు చాలవా?

గాలి_గిటార్:
మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్ 'లవ్‌లెస్' (1991) ఆల్బమ్ విన్నవాళ్ళందరికీ తెలిసిన ధ్వని గురించే అడుగుతున్నా. కార్డ్ మొత్తం మెల్లగా జారి, మళ్ళీ పైకి లేస్తుంటుంది. ఆ బ్యాండ్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ గ్లైడ్ గిటార్ అంటే అదే. ఫెండర్ కంపెనీ జాజ్‌మాస్టర్ గిటార్ లేకుండా అది రాదని కొందరు, అంతా రివర్స్ రివర్బ్ (ప్రతిధ్వని మెల్లగా పెరిగి ఠక్కున ఆగే ఎఫెక్ట్) మహిమేనని కొందరు. నా దగ్గర ఉన్నవి మామూలు స్ట్రాటోకాస్టర్, 15 వాట్ల ఆంప్, ఒక బిగ్ మఫ్ (శబ్దాన్ని బాగా చీల్చే ఫజ్ పెడల్), ఒక డిజిటల్ రివర్బ్ (ప్రతిధ్వని) పెడల్. గిటార్ కొనాలా, పెడల్ కొనాలా, అసలేమీ కొనక్కర్లేదా? కారణం చెప్పి వాదించండి. "టోన్ అంతా వేళ్ళలోనే ఉంది బ్రో" అనేవాళ్ళకి ముందే దండం.

ట్రెమొలో_తాత:
జాజ్‌మాస్టరే. లేదా జాగ్వార్. రెండింటికీ ఒకే రకం ఫ్లోటింగ్ ట్రెమొలో, అంటే ఆర్మ్ అనే కడ్డీతో తీగల బిగువు మార్చి శ్రుతిని జార్చే అమరిక. జాజ్‌మాస్టర్ 1958లో వచ్చింది, స్కేల్ (మోగే తీగ పొడవు) 25.5 అంగుళాలు. జాగ్వార్ 1962లో వచ్చింది, స్కేల్ 24. 1988లో 'యూ మేడ్ మి రియలైజ్' ఈపీ సమయంలో అరువు తెచ్చుకున్న జాజ్‌మాస్టర్ మీదే షీల్డ్స్‌కి ఈ పద్ధతి దొరికింది. అంతకుముందూ ఆయన దగ్గర గిటార్లున్నాయి, ఈ ధ్వని మాత్రం లేదు.

కారణం అడిగావు కాబట్టి చెప్తా. గ్లైడ్ అంటే కార్డ్ కొట్టాక ఆర్మ్ ఊపడం కాదు. ఆర్మ్‌ని అరచేతిలో పట్టుకునే స్ట్రమ్ చేయాలి. చెయ్యి కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ ఆర్మ్ కూడా దానితో పాటు కొంచెం కదులుతుంది. జాజ్‌మాస్టర్ ఆర్మ్ పొడుగు, స్ప్రింగ్ మెత్తన. చెయ్యి అంగుళం కదిలినా శ్రుతి సెమిటోన్ లోపే ఊగుతుంది. స్ట్రాట్‌లో ఆర్మ్ పొట్టి, పైగా బిగువు. అదే కదలికకి శ్రుతి ఎక్కడికో పడిపోతుంది. ఊగాల్సిన ధ్వని కాస్తా మునిగిపోతుంది.

పెడల్_పిచ్చోడు:
తాతగారూ, ఆ ఆల్బమ్‌లో మొదటి పాట 'ఓన్లీ షాలో' సంగతేంటి? ఆ అరుపు ఎలా వచ్చిందో షీల్డ్సే చెప్పాడు. రెండు ఆంప్‌లు ఎదురెదురుగా, రెండింట్లోనూ ట్రెమొలో ఎఫెక్ట్ (శ్రుతి కాదు, శబ్దం హెచ్చుతగ్గులయ్యేది) వేరువేరు వేగాల్లో, మధ్యలో ఒక మైక్. దాన్ని రెండు మూడుసార్లు రికార్డ్ చేసి, తిరగేసి, శాంప్లర్‌లో పెట్టాడు. అక్కడ ఏ గిటార్ పెట్టినా ఆ అరుపు వచ్చేది.

'టు హియర్ నోస్ వెన్' తీసుకోండి. అక్కడ గిటార్ తీగ మీద పిక్ పడిన శబ్దమే వినపడదు. యమహా ఎస్‌పీఎక్స్90 అనే ర్యాక్ ఎఫెక్ట్ యూనిట్‌లోని రివర్స్ రివర్బ్‌లోంచి వచ్చిందే వినిపిస్తుంది. పిక్ దెబ్బ పోయి, వెనక నుంచి ఉబ్బుకొచ్చే శబ్దం మాత్రమే మిగిలితే వినేవాడికి తీగ వాయిద్యం అనే స్పృహే పోతుంది. ఆ పని ర్యాక్ యూనిట్ చేసింది, ఆర్మ్ కాదు.

ఇంకొకటి. ఎస్‌పీఎక్స్90లోది టేప్‌ని వెనక్కి తిప్పడం లాంటిది కాదు, దాన్ని అలా అనుకుని చాలామంది ఏదో రివర్స్ డిలే పెడల్ కొనేసి బాధపడతారు. యూనిట్ లోపల ప్రతిధ్వనులు చిన్నగా మొదలై పెద్దవై ఠక్కున ఆగిపోయేలా అమర్చారు, అంతే. రివర్స్ డిలేలో నువ్వు వాయించిన ముక్క వెనక్కి పాడుతుంది, స్వరాల వరస తిరగబడుతుంది. రివర్స్ రివర్బ్‌లో కార్డ్ అలాగే ఉంటుంది, శబ్దం పెరిగే తీరు మాత్రమే తిరగబడుతుంది. పెడల్ కొనేముందు ఈ తేడా చూసుకో.

ట్రెమొలో_తాత:
'టు హియర్ నోస్ వెన్'లో ర్యాక్ యూనిట్‌లోకి వెళ్తున్నదే ఆర్మ్‌తో ఊగుతున్న కార్డ్. ఊగని కార్డ్ పంపించి చూడు, చర్చి ఆర్గన్ లాంటి నిశ్చలమైన శబ్దం వస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ అది కాదు.

గాలి_గిటార్:
ఊగడమే కావాలంటే వైబ్రేటో పెడల్ పెట్టొచ్చు కదా? ఆర్మ్ ఎందుకు?

సోల్డరింగ్_సుబ్బు:
మంచి ప్రశ్న. ఈ గొడవ తేలేది ఇక్కడే.

పెడల్ ఏం చేస్తుంది? వచ్చిన శబ్దం మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో పైకీ కిందికీ జరుపుతుంది. ఆరు తీగలూ కలిసికట్టుగా జరుగుతాయి. వాటి మధ్య సంబంధం మారదు. కార్డ్ ఊగుతుంది గానీ లోపల ఏమీ కలబడదు.

ఆర్మ్ నొక్కితే తీగలన్నీ దాదాపు ఒకే పొడవు వదులవుతాయి. కానీ ఒకే పొడవు వదులైనంత మాత్రాన ఒకేలా శ్రుతి మారదు. తీగలో ఉక్కు ఎంత మందం, అది ఎంత బిగువులో ఉంది అన్న దాన్ని బట్టి మారుతుంది. 11 సెట్ తీసుకో. మొదటి తీగ మందం 0.011 అంగుళం, మూడోది చుట్టు లేని 0.018. రెండింటి బిగువూ ఇంచుమించు ఒకటే, కానీ అడ్డుకోత వైశాల్యం మూడోదానికి రెండున్నర రెట్లకి పైనే. కాబట్టి అదే ఆర్మ్ కదలికకి మూడో తీగ శ్రుతి మొదటి తీగ కంటే చాలా ఎక్కువ పడుతుంది. చుట్టు ఉన్న తీగల్లో లోపలి ఉక్కు మందమే లెక్క, పై చుట్టు కాదు. అందుకే ఒక్కో తీగ ఒక్కోలా జారుతుంది. కార్డ్ లోపల స్వరాలు ఒకదానికొకటి కాస్త ఎడమై, మళ్ళీ దగ్గరై కొట్టుకుంటాయి. దాన్ని ఫజ్‌లోకి పంపితే ఆ కొట్టుకోవడం పదింతలై వినిపిస్తుంది. గ్లైడ్‌లోని ఆ చిలికినట్టుండే గుణం అంతా అదే.

కాబట్టి వైబ్రేటో పెడల్ దీనికి బదులు కాదు. కానీ ఇందులో జాజ్‌మాస్టర్ అన్న మాట ఎక్కడా రాలేదు, చూశావా? ఆరు తీగల్నీ ఒకేసారి వదులు చేసే ఏ ట్రెమొలో అయినా ఈ పని చేస్తుంది. స్ట్రాట్‌ది అయినా, బిగ్స్‌బీ అనే ఇంకో రకం ట్రెమొలో అయినా.

ట్రెమొలో_తాత:
సిద్ధాంతంగా ఒప్పుకుంటా. చేతికి వచ్చేసరికి తేడా ఉంది. స్ట్రాట్ మీద ఆర్మ్ పట్టుకుని స్ట్రమ్ చేయమను, చెయ్యి బ్రిడ్జ్ పికప్ పైకి ఈడ్చుకుపోతుంది, శబ్దం సన్నబడుతుంది.

సోల్డరింగ్_సుబ్బు:
సెటప్ చేయని స్ట్రాట్‌కి మీరన్నది నిజం. చేస్తే తగ్గుతుంది.

గాలి_గిటార్, నీ స్ట్రాట్ వెనక మూత తీసి స్ప్రింగులు లెక్కపెట్టు. ఐదుంటే రెండు తీసేయ్, మూడు చాలు. తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు బ్రిడ్జ్ పళ్ళెం వెనక అంచుకీ బాడీకీ మధ్య 3.2 మి.మీ. సందు ఉండాలి. వింటేజ్ రకం ఆరు స్క్రూల బ్రిడ్జ్‌కి ఫెండర్ చెప్పే కొలత అది. బ్రిడ్జ్ బాడీకి అతుక్కుని ఉంటే ఆర్మ్ కిందికి మాత్రమే పోతుంది, పైకి రాదు. గ్లైడ్‌కి రెండువైపులా కదలిక కావాలి. సందు ఎక్కువైతే స్ప్రింగుల పంజా పట్టుకున్న రెండు స్క్రూలూ బిగించు, తక్కువైతే వదులు చెయ్. ఒక్కసారి పావు చుట్టు తిప్పు, ట్యూన్ చెయ్, కొలువు, మళ్ళీ తిప్పు. ట్యూన్ చేయకుండా కొలిస్తే ఆ కొలత చెల్లదు.

ఆర్మ్ మర సందులో లొడలొడలాడుతుంటే గ్లైడ్ కుదరదు. చెయ్యి కదిలిన మొదటి కాస్తా ఆ వదులులోనే పోతుంది. కుళాయిలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేప్ మర మీద రెండు చుట్లు చుట్టి బిగించు. నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) గాళ్ళలో మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్ది గ్రాఫైట్ పట్టించు. ఆర్మ్ వదిలాక "టింగ్" అని చప్పుడొచ్చి మూడో తీగ శ్రుతి కొంచెం పైన నిలిచిపోతే తప్పు నట్‌ది, ట్యూనింగ్ కీలది కాదు. జనం కీలు మార్చేస్తుంటారు.

పన్నెండు_తీగలు:
అందరూ ఒక్క బ్యాండ్ చుట్టూనే తిరుగుతున్నారు. షూగేజ్ (గోడలాంటి గిటార్ శబ్దంతో ఇలాంటి బ్యాండ్లు చేసే సంగీతం) అంటే మై బ్లడీ వాలెంటైన్ ఒక్కటేనా? ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన రైడ్ 1990లో 'నోవేర్' చేసింది. ఆండీ బెల్, మార్క్ గార్డెనర్ పట్టింది రికెన్‌బ్యాకర్ పన్నెండు తీగల గిటార్లు. లష్‌లో మికీ బెరెన్యి దగ్గర ఎపిఫోన్ రివియెరా పన్నెండు తీగలది. ఆ శబ్దానికి ఆర్మ్‌తో పనేముంది? ఇక్కడి వాదన వింటే వీళ్ళెవరూ షూగేజ్ కాదన్నట్టుంది.

పన్నెండు తీగల మెరుపు జంట తీగలు పూర్తిగా ఒకే శ్రుతిలో లేకపోవడం వల్ల వస్తుంది. సుబ్బు గారు చెప్పిన కలబడటం ఇక్కడ ఆర్మ్ లేకుండానే, గిటార్‌లోనే కట్టి ఉంది. రికెన్‌బ్యాకర్‌లో ఇంకో విశేషం. మామూలు పన్నెండు తీగల గిటార్లలో పై స్థాయి సన్న తీగ ముందు, లావు తీగ తర్వాత ఉంటుంది. రికెన్‌బ్యాకర్‌లో తారుమారు. కిందికి కొట్టినప్పుడు పిక్ లావు తీగకి ముందు తగులుతుంది, సన్నది వెనకాల మెరుస్తుంది. అందుకే దాని శబ్దం గలగలమన్నా పల్చగా ఉండదు.

పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ గారు చేసింది దీనికి సరిగ్గా ఉల్టా. గమకం పలకాలంటే జంట తీగలు అడ్డం వస్తాయని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఒంటి తీగలు వేసుకున్నారు. శ్రుతి జారాలంటే ఒంటి తీగ, శ్రుతి మెరవాలంటే జంట తీగ. ఏది కావాలో తేల్చుకుని గిటార్ కొనుక్కో.

పెడల్_పిచ్చోడు:
జంట తీగల మీద బిగ్ మఫ్ పెడితే మాత్రం బురదే.

పన్నెండు_తీగలు:
మఫ్ పెట్టమని ఎవరన్నారు? ఓవర్‌డ్రైవ్ సన్నగా, గెయిన్ పావు వంతు, దాని వెనక డిలే, చివర రివర్బ్. కొనేవాళ్ళకి ఒక మాట. మూడో జంటలోని పై స్థాయి తీగ 0.008 లేదా 0.009 ఉంటుంది. ముందు తెగేది అదే. సెట్ కొన్నప్పుడు ఆ తీగలు విడిగా నాలుగైదు తెచ్చుకోండి. మన దగ్గర పన్నెండు తీగల సెట్లు అన్ని షాపుల్లో ఉండవు. ఆరు తీగల సెట్‌లో 0.009 మొదటి తీగ అక్కడ పనికొస్తుంది.

నిద్రలేని_రివర్బ్:
స్లోడైవ్ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యం. రెడింగ్ వాళ్ళు, 1989లో మొదలెట్టారు. 'సువ్లాకి' (1993) ధ్వనికి ప్రాణం యమహా ఎఫ్‌ఎక్స్500లోని 'సాఫ్ట్ ఫోకస్' అనే ప్రోగ్రామ్. రివర్బ్‌లో కొన్ని డిలేలు, కోరస్ కలగలిసి ఉంటాయి, శబ్దం అంచులు చెరిగిపోతాయి. ఇప్పుడు క్యాటలిన్‌బ్రెడ్ అదే పేరుతో పెడల్ అమ్ముతోంది. కీలీ లూమర్‌లో కూడా ఒక మోడ్ దాన్ని అనుసరించిందే. అక్కడ ఆర్మ్ ఊపితే చెడిపోతుంది, ఎందుకంటే కోరస్ ఇప్పటికే శ్రుతిని ఊపుతోంది. రెండు ఊపులు కలిస్తే కడుపులో తిప్పుతుంది.

కాబట్టి ప్రశ్నని "షూగేజ్‌కి జాజ్‌మాస్టర్ కావాలా" నుంచి "ఏ బ్యాండ్ శబ్దానికి" అని మార్చాలి.

గాలి_గిటార్:
నా ప్రశ్న మొదటి నుంచీ గ్లైడ్ గురించే. స్లోడైవ్ అంటే ప్రాణమే, అది వేరే చర్చ. పెడళ్ళ వరస గురించి ఎవరైనా వివరంగా చెప్పండి. నేను మఫ్ తర్వాత రివర్బ్ పెడుతున్నా, అందరూ అలాగే పెట్టమంటారు కదా.

పెడల్_పిచ్చోడు:
ఇక్కడ అదే తప్పు. ఫజ్ తర్వాత రివర్బ్ పెడితే పెద్ద హాల్లో మోగుతున్న ఫజ్ గిటార్ వినిపిస్తుంది. రివర్బ్ ముందు, ఫజ్ వెనక పెడితే హాలే పగిలిపోతుంది. ప్రతిధ్వని, అసలు స్వరం రెండూ కలిసి ఒకే ముద్దగా ఫజ్‌లో నలుగుతాయి. గోడలాంటి శబ్దం అలా వస్తుంది.

కానీ కొన్ని జాగ్రత్తలు:

ఫజ్ చిన్న శబ్దాల్ని పైకి లేపి పెద్దవాటితో సమానం చేస్తుంది. అందుకని ముందున్న మామూలు రివర్బ్ మిక్స్ 25–30 శాతం పెట్టినా బయటికి 60–70 లాగా వినిపిస్తుంది. తక్కువతో మొదలుపెట్టు. రివర్స్ రివర్బ్ మాత్రం 100 శాతం, పొడి శబ్దం సున్నా.

రివర్బ్‌లో లో-కట్ ఉంటే 150 హెర్ట్జ్ దగ్గర పెట్టు. లేకపోతే ఆరో తీగ ప్రతిధ్వని ఫజ్ మొత్తాన్ని మింగేస్తుంది.

కార్డులు మార్చుకో. మేజర్ థర్డ్ ఉన్న నిండు బారే కార్డ్ ఫజ్‌లో గరగరమంటుంది. రెండు స్వరాలు ఫజ్‌లో కలిస్తే వాటి తేడా అంత పౌనఃపున్యంతో మూడో స్వరం పుడుతుంది. ఫిఫ్త్‌కి పుట్టేది కింది స్థాయి మూల స్వరమే కాబట్టి ఇంపుగా ఉంటుంది. మన గిటార్ మెట్ల మీది థర్డ్‌కి పుట్టేది మూల స్వరానికి కొంచెం తప్పి ఉంటుంది. ఫిఫ్త్‌లు, ఆక్టేవ్‌లు, వాటి పక్కన ఒకటి రెండు ఓపెన్ తీగలు. షీల్డ్స్ పాటపాటకీ ట్యూనింగ్ మార్చేది కూడా ఓపెన్ తీగలు దొరకడానికే, అందుకే కచేరీలో పాటకో గిటార్ చేతికొస్తుంది.

రివర్స్ రివర్బ్ పొడవు పాట వేగానికి కట్టు. 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120కి 500, 90కి 667. ఉబ్బు బీట్ మీద ముగిసేలా పెట్టకపోతే గిటార్ ఎప్పుడూ వెనకబడినట్టే ఉంటుంది. అప్పుడు డ్రమ్స్ మీదే పాట నిలబడాలి.

సోల్డరింగ్_సుబ్బు:
ఒక హెచ్చరిక కలుపుతా. రివర్బ్ వెనక పెట్టే ఫజ్ బిగ్ మఫ్ కావచ్చు, ర్యాట్ కావచ్చు. ఫజ్ ఫేస్ రకం వద్దు. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, నేరుగా గిటార్ పికప్‌ని చూడాలని దాని సర్క్యూట్ కోరుకుంటుంది. ముందు బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న డిజిటల్ పెడల్ వస్తే శబ్దం గీరుకుపోతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్లదైతే ఇంకో తలనొప్పి. వేడికి వాటి లీకేజ్ పెరిగి బయాస్ జారిపోతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో పెడితే మధ్యాహ్నం ఒక శబ్దం, రాత్రి ఇంకో శబ్దం. సిలికాన్ కొనుక్కో, ప్రశాంతంగా ఉంటావు.

సెకండ్ హ్యాండ్ ఎస్‌పీఎక్స్90 మీద మనసు పడేవాళ్ళకి కూడా: జపాన్ మార్కెట్ యూనిట్ 100 వోల్టులది. మన 230లో నేరుగా గుచ్చితే పొగ. అమెరికా వస్తువుల కోసం అమ్మే 110 వోల్టుల స్టెప్‌డౌన్ పెడితే పది శాతం ఎక్కువ పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. 100 వోల్టుల ట్యాప్ ఉన్నదే అడగండి. వెనక పలక మీద రాసిన వాట్లకి రెట్టింపు రేటింగ్ ఉన్నది తీసుకోండి. లోపలి మెమరీ బ్యాటరీ చచ్చినా కంగారు పడక్కర్లేదు, సొంతంగా దాచుకున్న ప్రోగ్రామ్‌లే పోతాయి, ఫ్యాక్టరీవి చెక్కుచెదరవు.

డెసిబెల్_దేవి:
అందరూ గిటార్, పెడల్ అంటున్నారు. శబ్ద పరిమాణం గురించి ఎవరూ మాట్లాడలేదు. కచేరీలో ఈ సంగీతం సగం అదే.

1992లో రోలర్‌కోస్టర్ టూర్ అని జీసస్ అండ్ మేరీ చెయిన్, మై బ్లడీ వాలెంటైన్, డైనోసార్ జూనియర్, బ్లర్ కలిసి బ్రిటన్ తిరిగారు. అప్పటికే 'యూ మేడ్ మి రియలైజ్' మధ్యలో ఒకే మోత నిమిషాల తరబడి సాగేది. 2008లో బ్యాండ్ మళ్ళీ కలిసి లండన్ రౌండ్‌హౌస్‌లో వాయించినప్పుడు జనానికి గుమ్మం దగ్గరే ఇయర్‌ప్లగ్‌లు పంచారు. ఆ భాగం 20 నిమిషాలు దాటిన రాత్రులున్నాయి. అక్కడ తీగ ఆగకుండా మోగేది పెడల్ వల్ల కాదు. స్పీకర్ గాలి తీగని మళ్ళీ ఊపుతుంది, అది మళ్ళీ స్పీకర్‌లోకి పోతుంది. 15 వాట్ల ఆంప్‌ని గదిలో 2 మీద పెట్టి ఆ అనుభవం కావాలంటే ఏ గిటార్ కొన్నా రాదు.

ట్రెమొలో_తాత:
అమ్మా, 'లవ్‌లెస్' వినడానికి మోత అక్కర్లేదు. చిన్నగా పెట్టినా ఆ శబ్దం అలాగే ఉంటుంది. షీల్డ్స్ కూడా అది గిటార్ల మీద గిటార్లు పేర్చిన ఆల్బమ్ కాదని, ట్రాకులు జనం అనుకునేదానికంటే చాలా తక్కువని చెప్తూనే ఉన్నాడు. డ్రమ్స్ చూడు, కోల్మ్ ఓ కీసోగ్‌కి ఒంట్లో బాగాలేక చాలా పాటలకి ఆయన దెబ్బల్నే శాంపిల్ చేసి అల్లారు. మోత ఎక్కడుంది ఇందులో?

డెసిబెల్_దేవి:
తాతగారూ, రికార్డింగ్‌కీ కచేరీకీ తేడా మీకు నేను చెప్పాలా? రికార్డింగ్‌లో ఆంప్ పక్కన మైక్ పెడితే చాలు. నేను మాట్లాడేది గిటార్ ప్రవర్తన మారడం గురించి. ఆంప్ గట్టిగా ఉన్నప్పుడు గ్లైడ్ చేస్తే ఫీడ్‌బ్యాక్ స్వరం కూడా దానితో జారుతుంది, లేదా జారకుండా మొండికేసి పక్క హార్మోనిక్‌కి దూకుతుంది. ఆ దూకడం ఏ పెడల్ ఇవ్వదు.

ఇంట్లో ఉన్నంతలో చేయాలంటే ఆంప్‌కి ఎదురుగా, అర మీటరు దూరంలో, గిటార్ ముఖం స్పీకర్ వైపు తిప్పి నిలబడాలి. ఎక్కడ మోగుతుందో అంగుళం అంగుళం జరిగి చూసుకోవాలి. అదీ కుదరకపోతే ఈబో (తీగని ఆగకుండా మోగించే చేతి పరికరం) ఉంది, కానీ అది ఒక్క తీగకే, పైగా పిక్ పట్టే చేతిని ఆక్రమిస్తుంది కాబట్టి ఆర్మ్ పట్టుకోలేరు.

చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు, 109 దగ్గర రెండు నిమిషాలు కూడా లేదు. నురుగు ప్లగ్ సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగం పైకి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. సగం బయటికి కనిపిస్తుంటే పెట్టుకోనట్టే. నురుగు ప్లగ్ పై స్వరాల్ని ఎక్కువ కోసి శబ్దాన్ని మందం చేస్తుంది. సంగీతం వినడానికి ఫిల్టర్ ఉన్న మ్యుజీషియన్ ప్లగ్‌లు నయం.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి: మన శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 10 తర్వాత 45 డెసిబెల్స్ పరిమితి. మీ 15 వాట్ల ఆంప్ దాన్ని నిద్రలోనే దాటేస్తుంది. పక్కింటివాళ్ళు అసోసియేషన్ గ్రూపులో పెట్టకముందే ఆపండి.

గాలి_గిటార్:
స్ట్రాట్‌ని సుబ్బు గారు చెప్పినట్టు సెటప్ చేస్తా. అయినా రేపు జాజ్‌మాస్టర్ కొనాలనిపిస్తే ఏం చూడాలి? స్క్వైర్ (ఫెండర్ చవక బ్రాండ్) జాజ్‌మాస్టర్ల మీద "బ్రిడ్జ్ దరిద్రం" అనే రివ్యూలే ఎక్కువ.

ట్రెమొలో_తాత:
బ్రిడ్జ్ దరిద్రం కాదు, తీగలు సన్నం. 1958లో ఆ గిటార్‌ని లావు తీగల కోసం గీశారు. ఇప్పుడు 9 సెట్ వేసి గట్టిగా కొడితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) గాడి లోతు తక్కువ కాబట్టి తీగ పక్కకి జారి దూకేస్తుంది. 11 సెట్ వెయ్, వీలైతే 12. సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి.

సోల్డరింగ్_సుబ్బు:
మిగతా సగం నెక్ కోణంలో పోతాయి. బ్రిడ్జ్ మీద తీగ వంగే కోణం తక్కువైతే ఒత్తిడి చాలదు, జివజివమంటుంది. నెక్ విప్పి, అది కూర్చునే పాకెట్‌లో బాడీ మధ్య వైపున్న చివర సన్నటి షిమ్ (ఎత్తు ముక్క) పెట్టాలి. 0.5 డిగ్రీల చెక్క షిమ్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, చాలకపోతే 1 డిగ్రీ. విజిటింగ్ కార్డు ముక్క కూడా పనిచేస్తుంది, కానీ తీగల బిగువుకి పాకెట్‌లోని ఖాళీ భాగం మీద నెక్ వంగే అవకాశం ఉంది కాబట్టి పూర్తి పొడవు షిమ్ మేలు. నెక్ వెనక్కి వాలుతుంది, తీగలు ఫ్రెట్లకి దగ్గరవుతాయి, అప్పుడు బ్రిడ్జ్ పైకి లేపాలి. లేపగానే కోణం పెరుగుతుంది.

బ్రిడ్జ్ కాళ్ళు గుంటల్లో అటూ ఇటూ ఊగుతాయి. అది లోపం కాదు, అలాగే కట్టారు. ఆర్మ్ కదిలినప్పుడు తీగతో పాటు బ్రిడ్జ్ ముందుకూ వెనక్కూ వాలి మళ్ళీ నిలబడాలి. రేకు చుట్టి బిగించేసే మహానుభావులున్నారు. అలా బిగిస్తే తీగ శాడిల్ మీద రాసుకుని శ్రుతి తిరిగి రాదు. జె మాస్కిస్ మోడల్ స్క్వైర్‌లో అసలు వేరే రకం, ఊగని బ్రిడ్జ్ ఉంటుంది. తీగ దూకదు, కానీ అందులో శాడిల్ గాళ్ళు నున్నగా ఉండాలి. ఫెండర్ మస్టాంగ్ గిటార్ బ్రిడ్జ్ పెట్టుకోవడం చవకైన మార్పు, గాడి లోతు, ఊగడం కూడా మిగులుతుంది. తీగల్ని కిందికి నొక్కే బజ్ స్టాప్ రోలర్ మాత్రం వద్దు. కోణం పెంచుతుంది, రాపిడీ పెంచుతుంది, గ్లైడ్ చేసేవాడికి రెండోదే నష్టం.

శాడిల్ ఎత్తు స్క్రూలు మోతకి వాటంతటవే తిరిగి దిగిపోతాయి. ఎత్తు ఖాయం చేశాక ఒక్కో స్క్రూ మీద నెయిల్ పాలిష్ చుక్క.

ట్రెమొలో పళ్ళెం మీద లాక్ బొత్తం ఉంటుంది. గిటార్ సరిగ్గా శ్రుతిలో ఉన్నప్పుడు ఆ బొత్తం ఏ పట్టూ లేకుండా జరగాలి. జరగకపోతే మధ్యలోని పెద్ద స్క్రూ తిప్పి, మళ్ళీ ట్యూన్ చేసి, మళ్ళీ చూడు. ఇది కుదిరితే కచేరీలో ఒక తీగ తెగినా లాక్ వేసి మిగతా ఐదింటితో పాట పూర్తి చేయొచ్చు. స్ట్రాట్‌లో ఒక తీగ తెగితే ఐదూ శ్రుతి తప్పుతాయి. తాతగారి వైపు నేను ఒప్పుకునే గట్టి కారణం ఇదొక్కటే.

ట్రెమొలో_తాత:
హమ్మయ్య, ఒకటైనా ఒప్పుకున్నావ్.

పెడల్_పిచ్చోడు:
హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) గురించి కూడా చెప్పండి. వెడల్పు కాయిల్ సింగిల్ పికప్‌లు, వెనక మఫ్, గదిలో ఎల్ఈడీ ట్యూబ్‌లైట్. గిటార్ కంటే ముందు అదే మోగుతుంది.

సోల్డరింగ్_సుబ్బు:
స్విచ్ మధ్యలో పెడితే రెండు పికప్‌లూ కలిసి హమ్ రద్దవుతుంది, వాటి చుట్టు, అయస్కాంతం ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి కాబట్టి. ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్ఈడీ డ్రైవర్ ఉన్న సాకెట్ బోర్డు నుంచి ఆంప్‌కి కరెంటు తీయొద్దు. ప్లగ్‌లో మూడో పిన్ ఉన్నంత మాత్రాన గోడలో ఎర్త్ ఉందనుకోవద్దు, పాత ఇళ్ళల్లో తీగ పాక్షికంగానే లాగి వదిలేస్తారు. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గి, వదిలితే పెరిగితే అది పికప్ చుట్టూ షీల్డింగ్ చాలని మామూలు లక్షణం. ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం వెంటనే తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళకి ఇంకోటి. జాజ్‌మాస్టర్ పై కొమ్ము మీది రిథమ్ సర్క్యూట్ స్లైడ్ స్విచ్ తేమకి పట్టేస్తుంది, శబ్దం ఉన్నట్టుండి పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి ఇరవైసార్లు అటూ ఇటూ జరిపితే తిరిగొస్తుంది.

గాలి_గిటార్:
స్ప్రింగులు మూడు, సందు 3.2, టెఫ్లాన్, పెన్సిల్, రివర్బ్ ముందు, మఫ్ వెనక. అన్నీ పెట్టా, ఊగుతోంది. కానీ రివర్బ్ మిక్స్ చివరిదాకా తిప్పినా పిక్ టక్కుమనడం వినిపిస్తూనే ఉంది. పెడల్ లోపమా?

పెడల్_పిచ్చోడు:
లోపం కాదు. చాలా పెడళ్ళలో మిక్స్ నాబ్ చివరికి తిప్పినా పొడి శబ్దం కొంత వెళ్తూనే ఉంటుంది. కిల్ డ్రై అనే సెట్టింగ్ ఉందేమో మాన్యువల్ చూడు. కొన్నింటిలో ఫుట్‌స్విచ్ నొక్కి పట్టుకుని పవర్ ఇస్తే వస్తుంది. పొడి శబ్దం పెడల్ బయట ఎక్కడో కలుస్తోందనుకుంటే చిన్న మిక్సర్ ఉపాయం ఉంది. గిటార్‌ని డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి కుదిర్చేది) మీదుగా, లేదా హై-జీ ఇన్‌పుట్ ఉంటే నేరుగా ఛానెల్ 1లోకి పంపి, దాని ఆక్స్ సెండ్ పూర్తిగా తెరిచి రివర్బ్ పెడల్‌కి ఇవ్వు. ఆక్స్ ప్రీ-ఫేడర్ (ఫేడర్‌తో సంబంధం లేకుండా పంపేది) అయి ఉండాలి, ఛానెల్ 1 ఫేడర్ పూర్తిగా కిందికి. పెడల్ బయటికి వచ్చేది ఛానెల్ 2లోకి, ఆ ఛానెల్ ఆక్స్ సున్నా, లేకపోతే కూత పెడుతుంది. మిక్సర్ మెయిన్ నుంచి మఫ్‌కి. కానీ పెడలే పొడి శబ్దం పంపుతుంటే ఇదీ ఆపలేదు, మిక్సర్ వచ్చేది నీ దారిలో ఇంకెక్కడా పొడి శబ్దం కలవకుండా చూడటానికే. అప్పుడు గిటార్ టోన్ నాబ్ సున్నాకి తెచ్చేయ్, పిక్ టక్కు చాలావరకు చస్తుంది.

ట్రెమొలో_తాత:
పిక్ కూడా మెత్తనిది పట్టు, 0.46 మి.మీ. లేదా 0.50. మందంది పడితే ఆర్మ్ పట్టుకున్న చెయ్యి తీగల్లో తట్టుకుంటుంది. మూడో తీగ ఎంత జారుతోందో ట్యూనర్ పెట్టి చూసి ఇక్కడ రాయి. సుబ్బు లెక్క ఎంత నిజమో నాకూ చూడాలనుంది.